రెండో గుడ్డు

మా మావయ్య పేరు లక్ష్మీకాంతం. అవనిగడ్డ దాటాక నాగాయలంక రోడ్డు మీద బస్సు దిగి ఎవరిని అడిగినా ఇల్లు చూపిస్తారు. ఆయనకు పదెకరాల మాగాణి, రెండు గేదెలు, ఒక సైకిలు, లెక్కలేనన్ని అభిప్రాయాలు ఉండేవి. వ్యవసాయం గురించి ఆయన మాట్లాడినంత మా ఊళ్ళో ఇంకెవరూ మాట్లాడలేదు. చేలో దిగే అలవాటు మాత్రం చేసుకోలేదు. గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడి, దిగినవాళ్ళకు చెబుతూ ఉండేవాడు.

నేను ఆయన మేనకోడలిని, గాయత్రిని. బందరులో బీయస్సీ ఫిజిక్సు పూర్తి చేసి, ఉద్యోగం వచ్చేలోగా ఆయన ఇంట్లో ఉండి పిల్లలకు ట్యూషన్లు చెప్పేదాన్ని. ఆయన అన్నం తిన్నావు కాబట్టి ఆయన్ని ఏమీ అనకూడదు అంటుంది మా అమ్మ. తిన్నాను కాబట్టే నాకు బాగా తెలుసు అంటాను నేను.

మావయ్యకు ఊళ్ళో పేరు తెచ్చింది విత్తన పరీక్ష. ఎప్పుడో వ్యవసాయ శాఖవాళ్ళు పంచిన ఒక కాగితం ఆయన చేతికి చిక్కింది. ఉప్పునీళ్ళలో విత్తనాలు పోస్తే గట్టి గింజలు మునుగుతాయి, తాలు గింజలు తేలుతాయి, తేలినవి తీసి పారెయ్యండి అని అందులో ఉంది. నీళ్ళలో ఉప్పు సరిపోయిందో లేదో తెలియాలంటే ఒక కోడిగుడ్డు వెయ్యాలి. గుడ్డు తేలి, రూపాయి బిళ్ళంత మేర పైకి కనిపిస్తే సరిపోయినట్టు. మావయ్య ఆ కాగితాన్ని అద్దం కట్టించి వసారాలో తగిలించాడు. ఏటా కాలవలు వదలగానే ఊరంతా విత్తనం మోసుకుని మా పెరట్లోని సిమెంటు గాబు దగ్గరకు రావాలి. ఆయన పాసు చేసిన విత్తనమే నానబెట్టి, మొలకలు రావడానికి మండె కట్టాలి. ఆయన దగ్గర కౌలుకు చేసేవాళ్ళకైతే అది షరతు.

చిక్కంతా గుడ్డుతోనే వచ్చింది. మా ఇంట్లో ఉల్లిపాయకే కొన్ని తిథుల్లో ప్రవేశం లేదు. అలాంటి ఇంటికి గుడ్డు రావడమంటే పెద్ద వ్యవహారం. మా సూర్యకుమారి అత్తయ్య ఒకసారి, "బంగాళాదుంప కూడా అలాగే తేలుతుందటండీ, అది వేసుకోకూడదూ?" అని అడిగిందట. "కాగితంలో గుడ్డు అని ఉంది. కాగితం రాసినవాడికి దుంప సంగతి తెలియదంటావా?" అని మావయ్య కసిరాడట. అప్పటి నుంచి ఏటా ఒకే ఒక్క గుడ్డు, పంచాంగం చూసి, మంచి గడియలో, పెరటి దారిన వచ్చేది. కాలవగట్టు పేటలో ఉండే దయామణి దాన్ని తెచ్చేది. ఆమెకు కోళ్ళున్నాయి. మావయ్య పొలంలో రెండెకరాలు కౌలుకు చేసేది కూడా ఆమే. భర్త పోయి ఆరేళ్ళు. ఇద్దరు పిల్లలు, ముసలి అత్త, ఆ రెండెకరాలే ఆధారం. పాలేరు పెద్దిరాజు గుడ్డు అందుకునేవాడు. మావయ్య ఆరడుగుల దూరంలో నిలబడి కళ్ళతో అందుకునేవాడు.

నేను చెప్పబోయేది తొంభై ఏడు సంగతి. కిందటేడు వరి పాలు పోసుకునే వేళకు గాలివాన కొట్టింది. గింజ సగం సగమే నిండింది. పైకి చూస్తే బంగారంలా ఉండేది, నొక్కితే లోపల సగం డొల్ల. కాబట్టి ఏ ఏడాదీ లేనంతగా ఆ ఏడాది పరీక్ష అవసరం.

జూన్ మూడున మంచి గడియలో గుడ్డు వచ్చింది. దయామణి దాన్ని పెరట్లో నీళ్ళ చెంబులో వేసి చూపించింది. గుడ్డు తిన్నగా అడుక్కి పోయి పడుకుంది. "ఈ పొద్దుటిదేనండి అమ్మగారూ, చూసుకోండి," అంది అత్తయ్యతో. అంతా సవ్యంగానే ఉంది, కాలవ నీళ్ళు తప్ప. ఇవాళ వదులుతారు, రేపు వదులుతారు అంటూ జూన్ గడిచిపోయింది. నీళ్ళు రానిదే పరీక్ష లేదు. గుడ్డు మాత్రం వచ్చేసింది కదా. ఇంట్లోకి రానివ్వడానికి వీల్లేదు, బయట పెడితే కాకులు. చివరికి పశువుల పాకలో గేదెల తవుడు డబ్బాలో దాచారు. రోజూ గేదెలకు తవుడు పెట్టేది అత్తయ్యే.

నీళ్ళు వదిలే సరికి జూలై పదమూడు. పెద్దిరాజు తల గోక్కుంటూ, "అయ్యగారూ, నలభై రోజులైపోయిందండి. ఇంకో గుడ్డు తెమ్మంటారా?" అన్నాడు.

మావయ్య మొహం ఎర్రబడింది. "రెండో గుడ్డా? ఊరు ఏమనుకుంటుందిరా? లక్ష్మీకాంతం ఇంట్లో ఆమ్లెట్లు వేస్తున్నారు అనుకోదూ? ఏడాదికి ఒకటంటే పరీక్షకు. రెండంటే వంటకే."

అదీ ఆయన తర్కం. ఊరి విత్తనం ఏమైనా ఫరవాలేదు, ఊరి నోట్లో మాత్రం ఆయన పడకూడదు.

మర్నాడు పొద్దున్నే పెరటి నిండా జనం. ఇరవై ముప్పై మంది రైతులు, బస్తాలు, గంపలు. గాబు నిండా కాలవ నీళ్ళు. పక్కన కళ్ళుప్పు బస్తా. మావయ్య పట్టుపంచె కట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. పెద్దిరాజు వెదురు కర్రకు కట్టిన కొబ్బరిచిప్పలో గుడ్డు పెట్టి గాబులోకి దించాడు. ఏటా అయితే గుడ్డు అడుక్కి పోయేది, ఉప్పు పోస్తూ కలుపుతూ ఉంటే మెల్లగా పైకి లేచేది. దానికి సగం బస్తా పైనే ఉప్పు పట్టేది. ఈసారి చిప్ప వదిలీ వదలగానే గుడ్డు పైన నిలబడింది. రూపాయి బిళ్ళంత కాదు, అరచేతిలో సగమంత బయటకు కనిపిస్తోంది. ఉప్పు బస్తాకు ఇంకా మూతి కూడా విప్పలేదు.

అందరూ మావయ్య వైపు చూశారు. ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"చూశారా! ఈ ఏడు నీళ్ళలోనే ఉప్పుంది. ఎదురుమొండి దగ్గర సముద్రం పోటు ఎక్కువైందని నేను ఎప్పటి నుంచో చెబుతూనే ఉన్నాను."

పెద్దిరాజు వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. "చప్పగా ఉన్నాయండి."

"అది నాలుక్కి తెలిసే ఉప్పు కాదురా వెధవా. గుడ్డుకు తెలుస్తుంది."

జనం తలలూపారు. కొందరు తమ విత్తనం కూడా ఈసారి బాగా పాసవుతుందని సంతోషించారు. ఆ తలలు ఊగడం చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. నా తలా ఊగింది కాబట్టి ఇంకా మండుతుంది.

నాకు తెలుసు. నేను చదివిందే అది. ఏ వస్తువైనా తన పరిమాణమంత నీళ్ళ కంటే బరువైతే మునుగుతుంది, తేలికైతే తేలుతుంది. ఉప్పు కలిపితే నీళ్ళు చిక్కబడి బరువెక్కుతాయి, అప్పుడు తాజా గుడ్డు కూడా వాటి ముందు తేలికైపోతుంది. కానీ గుడ్డు పెంకుకు కంటికి కనపడని బెజ్జాలుంటాయి. రోజులు గడిచేకొద్దీ లోపలి తడి ఆవిరై పోతుంది, ఆ చోట గాలి చేరుతుంది. పరిమాణం అంతే ఉంటుంది, బరువు తగ్గుతుంది. ఎండాకాలం వేడికి తవుడు డబ్బాలో నలభై రోజులు మగ్గిన గుడ్డు మంచినీళ్ళలో కూడా తేలి తీరుతుంది. ఆ గాబులో ఉన్నవి ఉత్త మంచినీళ్ళు. ఉత్త నీళ్ళలో పూర్తి డొల్ల గింజలే తేలుతాయి. సగం నిండిన గింజ నీళ్ళ కంటే బరువే కాబట్టి మంచి గింజతో పాటు అడుక్కి పోతుంది. ఉప్పునీళ్ళయితేనే ఆ రెండూ విడిపోయేవి. ఇదంతా నాకు పరీక్షలో డెబ్బై ఎనిమిది మార్కులు తెచ్చిపెట్టిన విద్య. ఆ పెరట్లో నేను నోరు విప్పలేదు. మావయ్యను పదిమందిలో ఎలా అంటాను?

అన్నది దయామణి. తన గంప నెత్తిన పెట్టుకుని ఓ మూల నిలబడి ఉంది.

"అయ్యగారూ, అది మురిగిపోయిందండి. మురిగిన గుడ్డు మంచినీళ్ళల్లో కూడా తేలుద్ది. మేం ఇంట్లో అట్టాగే చూసుకుంటాం. మునిగితే వండుకుంటాం, తేలితే పారేస్తాం."

మావయ్య నవ్వాడు. జనాన్ని చూసి నవ్వాడు, ఆమెను చూసి కాదు. "గుడ్ల గురించి నాకు నువ్వు చెబుతావా?"

పుట్టి బుద్ధెరిగి గుడ్డు ముట్టనివాడు, రోజూ కోళ్ళు పెంచే మనిషిని అడిగిన ప్రశ్న అది. అయినా అందరూ నవ్వారు. దయామణి తల దించుకుంది. మావయ్య ఆచారం కోసం నాలుగు గుప్పిళ్ళ ఉప్పు చల్లించి, విత్తనాలు పోయించాడు. అందరివీ మునిగాయి. బస్తాకు రెండు గుప్పిళ్ళు తేలితే ఎక్కువ. దయామణి గంపా పాసైంది. "ఫస్టు క్లాసు విత్తనం! ఇంత మంచి విత్తనం నేను ఇన్నేళ్ళలో చూడలేదు," అన్నాడు మావయ్య. నిజమే, ఆయన చూడలేదు.

ఆ మర్నాడు ట్యూషన్ పిల్లవాడి కోసం పేట వైపు వెళ్తే, దయామణి ఇంటి ముందు పెద్ద మట్టి తొట్టి కనిపించింది. నీళ్ళల్లో ఉప్పు కలిపి, తాజా గుడ్డు వేసి ఉంది. అది అచ్చంగా రూపాయి బిళ్ళంత కనిపిస్తూ తేలుతోంది. ఆ నీళ్ళలో ఆమె నిన్నటి ఫస్టు క్లాసు విత్తనం పోసింది. దాదాపు సగం గింజలు పైకి వచ్చి తెప్పలా పరుచుకున్నాయి.

"సగం పోయిందమ్మా," అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. తేలిన గింజల్ని చేటతో తీసి పక్కన పోసింది. మునిగిన వాటిని ఉప్పు పోయేలా మూడుసార్లు మంచినీళ్ళలో కడిగింది.

"మరి రెండెకరాలకు ఎలా సరిపోతుంది?" అన్నాను.

ఆమె ఇంట్లోకి వెళ్ళి ఒక ధాన్యం బస్తా ఈడ్చుకొచ్చింది. ఏడాది తిండికని దాచుకున్న నాలుగు బస్తాల్లో ఒకటి. దాన్నీ తొట్టిలో కుమ్మరించింది. ఆ తర్వాత రెండోది. నాలుగూ పోసేదాకా ఆగేలా లేదని నాకు అర్థమైంది.

"నీకు కావలసింది రెండెకరాలకే కదా, ఇదంతా ఎందుకు?"

"ఊరందరిదీ అయ్యగారి గాబులో పాసయిపోయింది. ఇరవై రోజులు పోనీండి, నారు నారు అని తిరుగుతారు. ఊళ్ళో నాట్లు పడకపోతే మాకు కూలి ఎక్కడిదమ్మా?" మునిగిన గింజ నారుకు, తేలిన గింజ తిండికి. తేలిన దాన్ని ఆడిస్తే బియ్యం రావు, నూకలే వస్తాయి. "జావ కాచుకుంటాం. చావంలే."

నేను కదలబోతుంటే వెనక నుంచి అంది. "మీరు చదువుకున్నారు గదమ్మా. నిన్న ఒక్క మాట అనలేకపోయారా?"

ట్యూషన్ పిల్లవాడిని కూడా పిలవకుండా వచ్చేశాను.

ఆమె చెప్పినట్టే జరిగింది. ఆగస్టు మొదటి వారానికి ఊరి నారుమళ్ళు చిరిగిన దుప్పట్లలా తయారయ్యాయి. ఒక చోట పచ్చగా, నాలుగు చోట్ల బురద. సగం గింజలు మండెలోనే కుళ్ళాయి, కొన్ని మొలిచి పసుపు పచ్చగా వాలిపోయాయి. మావయ్య గొడుగు వేసుకుని గట్లన్నీ తిరిగాడు. మొదటి రోజు పురుగు అన్నాడు. రెండో రోజు గాలి అన్నాడు. మూడో రోజు దిష్టి అన్నాడు. దయామణి కౌలు చేలో మూలనున్న నారుమడి మాత్రం కాలు పెడితే కనపడనంత ఒత్తుగా ఉంది. దాని దగ్గర మావయ్య ఆగలేదు, అడుగు వేగం పెంచాడు.

మా ఊళ్ళో మిగిలిన నారు అమ్మరు. అడిగినవాళ్ళకు ఇవ్వాలి, అది కట్టుబాటు. మావయ్య పెద్దిరాజును పంపాడు, మిగిలిన నారంతా అయ్యగారి ఎనిమిదెకరాలకు కావాలని. పెద్దిరాజు తిరిగొచ్చి పెరట్లో నిలబడ్డాడు.

"ఇస్తానందండి. ఇచ్చే ముందు..."

"ఊఁ, ముందు?"

"గుడ్డు మురిగిందని తమరు పదిమందిలో ఒక్క మాట అనాలంటండి."

ఆ రోజు మావయ్య భోజనం చెయ్యలేదు. సాయంత్రానికి మాత్రం హుషారుగా లేచి, పొద్దున్నే అందర్నీ పెరట్లోకి పిలవమన్నాడు. ఆ హుషారు చూసి నాకు భయం వేసింది.

మళ్ళీ అదే పెరడు, అదే జనం. ఈసారి మొహాలు వాడిపోయి ఉన్నాయి. దయామణి కూడా వచ్చి ఓ పక్కన నిలబడింది. మావయ్య కుర్చీలోంచి లేచాడు.

"నేను దాపరికం ఎరిగినవాణ్ణి కాదు. గుడ్డు మురిగింది. ఒప్పుకుంటున్నాను." ఆగాడు. "అయితే ఆ గుడ్డు ఇచ్చింది ఎవరు? ఈ దయామణి. నాకు మురిగిన గుడ్డు అంటగట్టి, ఊరి విత్తనం పాడుచేసి, తన నారు మాత్రం తను పెంచుకుంది. లేకపోతే అది మురిగిందని దీనికి ముందే ఎలా తెలుస్తుంది? ఇలాంటి మనిషికి నా చేను కౌలుకివ్వడం నాదే తప్పు. ఈ పంటతో సరి."

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. నారు పోయినవాళ్ళకు ఎవరినో ఒకరిని తిట్టుకోవాలని ఉంది, మనిషి దొరికింది. ఎవరో "అదా సంగతి" అన్నారు. ఆ రెండెకరాలు పోతే దయామణికి ఏమీ లేదు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అనుకుంటున్నాను.

నన్ను పక్కకు తోసుకుని ఎవరో పెరట్లోకి దిగారు. సూర్యకుమారి అత్తయ్య. చదివింది అయిదో తరగతి. మగవాళ్ళు నలుగురున్న చోటికి వచ్చి మాట్లాడటం నేను ఎన్నడూ చూడలేదు. చేతులకు ఇంకా తవుడు అంటుకునే ఉంది.

"అబద్ధం ఆడకండీ," అంది. "జూన్ మూడున ఆ పిల్ల గుడ్డు తెచ్చి నా ఎదురుగా చెంబులో వేసింది. మునిగింది. మంచి గుడ్డే ఇచ్చింది. నలభై రోజులు మన తవుడు డబ్బాలో ఉంది. వాసనొస్తోంది, పారేసి ఇంకోటి తెప్పించండి అని నేను మీకు చెప్పలేదూ?"

"నువ్వు లోపలికి నడు."

"చెబితే మీరేమన్నారు? గుడ్డు వాసన నీకెలా తెలుసే అన్నారు. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళయ్యాక నన్ను ఆ మాట అన్నారు. అందుకే నోరు మూసుకున్నాను. అప్పుడే అరిచి ఉంటే వీళ్ళందరి నారు బతికేది."

వెనక నుంచి ఎవరో ఫక్కున నవ్వారు. ఇక ఆగలేదు. పెద్దిరాజు తలగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. మావయ్య కుర్చీ వెతుక్కున్నాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

"సరే సరే. జరిగిందేదో జరిగింది. నారు పీకే సంగతి చూడండి."

"మరి నా చేనండి?" అంది దయామణి. ఈసారి తల ఎత్తే ఉంది.

"నీ చేనుకేమైంది? ఎవరు కాదన్నారు? ఇంతోటి దానికి గొడవ!"

దయామణి ముందుగా అర ఎకరం, ఎకరం ఉన్నవాళ్ళకు నారు ఇచ్చింది. ఆఖరున మిగిలిన కట్టలు మావయ్య చేలో మూడెకరాలకు వచ్చాయి. మిగతా అయిదింటికి ఆయన కోడూరు నుంచి ట్రాక్టరు మీద ముదురు నారు తెప్పించుకున్నాడు. అత్తయ్యతో పది రోజులు మాట్లాడలేదు. ఆ పది రోజులూ ఇంట్లో ఎంత ప్రశాంతంగా ఉందో అని అత్తయ్య నాతో అంది.

డిసెంబరులో అవనిగడ్డలో రైతుల సభ జరిగింది. రోడ్డు పక్కనున్న ఆ మూడెకరాలూ కోతకు ముందు అందరి కళ్ళలో పడ్డాయి. మావయ్యకు శాలువా కప్పారు. ఆయన మైకు పుచ్చుకుని ముప్పావుగంట మాట్లాడాడు. "విత్తన పరీక్షకు ఎప్పుడూ తాజా గుడ్డునే వాడాలి. ఏ పుస్తకంలోనూ లేని ఈ రహస్యాన్ని నేను స్వానుభవంతో కనుక్కున్నాను," అన్నాడు. సభ అంతా చప్పట్లు కొట్టింది.

దయామణి సభకు రాలేదు, కోతల్లో ఉంది. ఆ వారమే కొత్త ధాన్యం ఆడించి, జూలై తర్వాత మొదటిసారి వాళ్ళింట్లో అన్నం వండారు. అయిదు నెలలు పిల్లలూ ముసలామె కూడా నూకల జావే తాగారు. ఆ సంగతి ఆ సభలో తెలిసినవాళ్ళం కనీసం పదిమందిమి ఉన్నాం. ఆమె నారుతో నాట్లు వేసుకున్న ఎవరూ ఆ అయిదు నెలల్లో ఒక కుంచెడు బియ్యం పట్టుకెళ్ళి ఇవ్వలేదు. మా ఇంట్లో గాదె నిండా ఉన్నాయి. నేనూ ఇవ్వలేదు. చప్పట్లు మాత్రం అందరితో పాటు కొట్టాను.